ఎండాకు దాచుకోండి, వానల్లో ఎరువు చేసుకోండి

ఫిబ్రవరి, మార్చి వచ్చాయంటే వేప, కానుగ, రావి, బాదం చెట్లు ఒకదాని వెనక ఒకటి ఆకు దులిపేస్తాయి. పొద్దున ఊడ్చిన వాకిలి సాయంత్రానికి మళ్లీ నిండిపోతుంది. ఆ ఆకునంతా ఓ మూల పోగేసి అగ్గిపుల్ల గీసేవాళ్లు కొందరు, గోతాల్లో కుక్కి మున్సిపాలిటీ బండికి ఇచ్చేసేవాళ్లు కొందరు. జూన్‌లో తొలకరి పడగానే అదే ఇళ్లవాళ్లు నర్సరీకి వెళ్లి ఎరువు సంచులు కొనుక్కొస్తారు. చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది, నాలుగు నెలల క్రితం పారేసినదాన్నే డబ్బిచ్చి తెచ్చుకుంటున్నారు కదా అని.

కాల్చడం గురించి ఒక్క మాట చెప్పి అసలు విషయంలోకి వస్తాను. 2016 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ బయట చెత్త కాల్చడాన్ని దేశమంతా నిషేధించింది. మామూలుగా కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో కాలిస్తే 25,000 రూపాయలు జరిమానా అని చెప్పింది. జరిమానా సంగతి పక్కన పెట్టినా, ఆకును కాలిస్తే అందులోని కర్బనం, నత్రజని పొగలో కలిసిపోతాయి, మనకు మిగిలేది గుప్పెడు బూడిద. పైగా ఆ పొగంతా పక్కింట్లో ఉబ్బసంతో బాధపడే పెద్దాయన పీల్చాలి.

"ఎరువు కోసం కుప్ప వేశాం, ఆర్నెల్లయినా ఆకు ఆకులాగే ఉంది" అని చాలామంది అంటుంటారు. మన దగ్గర దీనికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, కుప్ప ఎండిపోవడం. చలి దేశాలవాళ్లు రాసే సలహాల్లో కుప్పను ఎండ తగిలేచోట పెట్టమని ఉంటుంది. వాళ్లకు వేడి చాలదు కాబట్టి అక్కడ అది సరైన మాటే. మన ఏప్రిల్, మే ఎండలో అలా పెడితే రెండు రోజుల్లో పైనున్నదంతా అప్పడంలా ఎండిపోతుంది. ఆకును చివికించే సూక్ష్మజీవులు తడిలోనే బతుకుతాయి, తడి పోయిందంటే పని ఆపేస్తాయి. అందుకని కుప్పకు చోటు ఎక్కడంటే చెట్టు నీడన, నీళ్ల కుళాయికి దగ్గరగా, ఇంటి గోడకూ తలుపు చెక్కలకూ బాగా ఎడంగా. ఈ మూడింట్లో కుళాయి దగ్గరే అన్నిటికంటే ముఖ్యం, బకెట్లు మోయాల్సి వస్తే వారం తిరక్కుండానే కుప్పను మర్చిపోతాం.

రెండో చిక్కు గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. మంచి కంపోస్టుకు ఎండువి, పచ్చివి రెండూ కలవాలి. మన వాతావరణంలో ఆ రెండూ ఒకేసారి రావు. ఎండాకు కుప్పలుగా దొరికే మార్చిలో పచ్చగడ్డి ఉండదు. వానలు పడ్డాక జులై నుంచి అక్టోబరు దాకా కలుపు, గరిక, కత్తిరించిన కంచె మొక్కల కొమ్మలు తెగ వస్తాయి, అప్పుడు ఎండాకు కనపడదు. ఉత్త పచ్చిగడ్డినే కుప్పగా వేసి నాలుగు రోజులకు ముక్కు మూసుకుని, ఇంట్లోవాళ్లు తిడుతుంటే ఎత్తి పారేసిన ఇళ్లు బోలెడు. కాబట్టి ఈ వ్యాసంలో ఒక్క సలహానే గుర్తుపెట్టుకుంటాను అంటే, ఇది గుర్తుపెట్టుకోండి: ఫిబ్రవరి, మార్చిలో రాలిన ఆకును గోతాల్లో నింపి, మూతి కట్టి, వాన తడవనిచోట దాచండి. ఎండాకు ఎన్ని నెలలున్నా పాడవదు. ఎంత దాచాలి అంటే, వానల్లో మీకు వచ్చే పచ్చి చెత్తకు రెట్టింపు.

ఏది వేయాలి, ఏది వద్దు

లెక్క కావాలనుకునేవాళ్లకు లెక్క చెప్తాను. సూక్ష్మజీవులకు ఒక పాలు నత్రజనికి 25 నుంచి 30 పాళ్లు కర్బనం ఉంటే పని చురుగ్గా సాగుతుంది. ఎండాకులో కర్బనం సుమారు 50, 60 పాళ్లు ఉంటుంది, పచ్చగడ్డిలో 15 నుంచి 20, పేడలో 20 అటూ ఇటూ. రంపపు పొట్టులో అయితే మూడు వందలు దాటిపోతుంది, అందుకే అది ఎన్నాళ్లకూ చివకదు. ఈ అంకెలన్నీ కలిపి గుణించుకుంటూ కూర్చోనక్కర్లేదు, బకెట్‌తో కొలిస్తే రెండు బకెట్ల ఎండాకుకు ఒక బకెట్ పచ్చిది, ఆ పైన కొంచెం పేడ. అంతే. తేడా వస్తే కుప్పే చెప్తుంది, అది తర్వాత చూద్దాం.

ఆకులన్నీ ఒక్కలా ఉండవు. నిద్రగన్నేరు, మునగ, గిరిపుష్పం లాంటి చిన్న ఆకులు తొందరగా చివికిపోతాయి. వేప, కానుగ కూడా బాగానే మాగుతాయి. మామిడి, పనస, బాదం, టేకు ఆకులు దళసరిగా, కొన్ని మైనం పూసినట్టు ఉంటాయి, నీళ్లు పట్టవు, అలాగే వేస్తే ఏడాది దాకా చెక్కుచెదరవు. వీటిని బాగా ఎండాక గోతంలో వేసి కాళ్లతో తొక్కండి, పెళపెళా ముక్కలైపోతాయి, పిల్లలకిస్తే ఇంకా ఉత్సాహంగా తొక్కుతారు. కొమ్మలు వేలి మందం కంటే లావుగా ఉంటే కుప్పలో వేయొద్దు, సన్నవాటిని కత్తితో జానెడు ముక్కలు చేయండి. కొబ్బరి మట్టలు, ఈనెలు, లావు కొమ్మలు విడిగా పెట్టుకోండి, కుప్ప కింద పరచడానికి పనికొస్తాయి. అరటి గెల కోశాక మిగిలే బోదెను మాత్రం అస్సలు పారేయొద్దు. ముక్కలు చేసి వేస్తే దాన్నిండా నీళ్లే, పొటాష్ కూడా దండిగా ఉంటుంది, ఎండాకాలం కుప్పకు అంతకంటే మంచి తోడు లేదు.

కలుపు విషయంలో కాస్త జాగ్రత్త. వయ్యారిభామను పూత రాకముందే పీకి వేస్తే అది కూడా మంచి పచ్చి సరుకే. పూత వచ్చాక దగ్గరికే వెళ్లొద్దు, విత్తనాలు తోటంతా మొలుస్తాయి, పుప్పొడి వల్ల చర్మం దద్దుర్లు, ఉబ్బసం రెచ్చిపోతాయి, పీకేటప్పుడు చేతికి తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. తుంగ గడ్డలు, గరిక వేళ్లు అంత తేలిగ్గా చావవు. వాటిని బండ మీద ఎండలో పరిచి కరకరలాడేదాకా ఎండబెట్టి, ఆ తర్వాతే కుప్పలో వేయాలి. వేళ్లకు బుడిపెలున్న వంగ, టమాటా మొక్కలు కనిపిస్తే అవి నులిపురుగుల పని, అలాంటివీ, వడలు తెగులుతో చచ్చినవీ కంపోస్టులోకి రానివ్వొద్దు. కలుపుమందు కొట్టిన గడ్డి కూడా వద్దు. పిండినల్లి పట్టిన మందార కొమ్మలను నల్ల ప్లాస్టిక్ సంచిలో బిగించి ఎండలో కొన్నాళ్లు ఉంచితే పురుగు చస్తుంది, ఆపైన భయం లేదు. గన్నేరు వేసుకోవచ్చు గానీ కుప్ప దగ్గరకి పశువులు, మేకలు రాకుండా చూసుకోవాలి, దాని ఆకు పచ్చిదైనా ఎండిందైనా వాటికి విషమే.

వంటింటి కూరగాయ తొక్కులు వేసుకోండి, కానీ కుప్ప నడిమధ్యలో గొయ్యి చేసి వేసి పైన ఎండాకు కప్పండి. అన్నం, కూరలు, మాంసం ముక్కలు వద్దు, ఎలుకలు వస్తాయి, వాటి వెనకాలే పాములు వస్తాయి.

కుప్ప వేయడం

కుప్ప కనీసం మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు ఉండాలి. అంతకంటే చిన్నదైతే లోపలి వేడి నిలవదు, చివుకుతుంది గానీ చాలా నెమ్మదిగా. ఐదడుగుల ఎత్తు దాటితే అడుగున బరువుకు అణిగిపోయి గాలి ఆడదు. ఇటుకలను సందులు వదిలి పేర్చినా, వెదురు తడికలు కట్టినా, ఇనుప వల చుట్టినా సరే, ఏమీ లేకుండా ఉత్త కుప్పైనా సరే. వానాకాలంలో నేల మీదే వేయండి, గొయ్యిలో వేస్తే నీళ్లు నిలిచి కంపు కొడుతుంది. ఎండాకాలంలో మాత్రం రెండడుగుల లోతు గొయ్యి మేలు, తడి ఆరదు.

అడుగున చిదుగులు, కొబ్బరి మట్ట ముక్కలు జానెడు మందాన పరచండి, గాలి కిందనుంచి లోపలికి రావడానికి దారి అదే. దాని మీద జానెడు ఎండాకు, ఆ పైన బెత్తెడు పచ్చిది, ఆ పైన పేడ నీళ్లు. పేడ నీళ్లు ఎంత చిక్కగా అంటే కళ్లాపి చల్లేదానికంటే కొంచెం చిక్కగా. దాని మీద రెండు గుప్పిళ్లు పాత కుప్పలోని ఎరువో, చెట్టు కింది మన్నో చల్లితే సూక్ష్మజీవులు వచ్చి చేరతాయి. ఇలా వరస మీద వరస. పేడ దొరకని ఊళ్లో ఉంటే వేరుశనగ చెక్కను రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పోయండి. బజార్లో సీసాల్లో అమ్మే ద్రావణాలు లేకపోయినా ఏ లోటూ లేదు, పచ్చిది, ఎండుది, తడి, గాలి సరిగ్గా ఉంటే పేడ చాలు.

ఇక్కడ అందరూ పొరబడే చోటు ఒకటుంది. ఎండాకు మొత్తం పేర్చేసి చివర్లో పైనుంచి పైపుతో నీళ్లు పడితే తడిసినట్టే కనిపిస్తుంది, చెయ్యి పెట్టి చూస్తే నాలుగు వేళ్ల కింద పొడిపొడిగానే ఉంటుంది, ఆకు మీదుగా నీళ్లన్నీ జారి పక్కలనుంచి పోయుంటాయి. వరస వరసకూ తడపాలి. ఇంకా మంచి పని, ముందురోజు రాత్రే ఎండాకును డ్రమ్ములో నానేసి పొద్దున తీసి వేయడం. తడి సరిపోయిందో లేదో తెలియాలంటే లోపలినుంచి గుప్పెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు కనిపిస్తే సరిగ్గా ఉంది. ధార కారితే ఎక్కువైంది, చెయ్యి పొడిగా ఉంటే చాల్లేదు.

అంతా అయ్యాక పైన తడిపిన గోనె సంచులు కప్పండి. వానలప్పుడు వాటి మీద పట్టా, కానీ బిగించి కట్టొద్దు, అంచులు వదులుగా ఉండాలి.

వేడి, తిప్పడం

రెండు మూడు రోజుల్లో కుప్ప లోపల వేడెక్కుతుంది. ఇది ఎండ వేడి కాదు, కోట్ల సూక్ష్మజీవులు ఆకును తింటూ ఊపిరి తీసుకోవడం వల్ల పుట్టే వేడి. బాగా కుదిరిన కుప్ప 55 నుంచి 65 డిగ్రీల దాకా వెళ్తుంది. 55 డిగ్రీలు దాటి మూడు రోజులు నిలిస్తే కలుపు విత్తనాలు, తెగులు క్రిములు చాలామటుకు చచ్చిపోతాయి. థర్మామీటరు అక్కర్లేదు, ఒక ఇనప చువ్వను నడిమధ్యకు గుచ్చి ఐదు నిమిషాలాగి తీసి పట్టుకోండి. పట్టుకోలేనంత వేడిగా ఉంటే అంతా బాగుంది. వెచ్చగా మాత్రమే ఉంటే పచ్చిదో, నీళ్లో తక్కువ. చల్లగా ఉండి తడి కూడా ఉంటే గాలి లేదని.

వారం పది రోజులకు వేడి తగ్గుముఖం పడుతుంది, అప్పుడు తిప్పాలి. తిప్పడమంటే పైదాన్ని కలిపేయడం కాదు, బయటి అంచుల్లో ఉన్నది లోపలికి, లోపలున్నది బయటికి వచ్చేట్టు కుప్పను పక్కకు మళ్లీ పేర్చడం. తిప్పేటప్పుడే ఎండిన చోట్ల నీళ్లు చల్లండి. మళ్లీ వేడెక్కుతుంది. ఇలా పది, పదిహేను రోజులకోసారి మూడు నాలుగు సార్లు తిప్పితే మూడు నెలలకు ఎరువు చేతికొస్తుంది. పార పెట్టేముందు కర్రతో నాలుగు దెబ్బలు కొట్టండి, తేళ్లూ పాములూ వెచ్చదనానికి చేరుతుంటాయి. ఉత్త చేతులు, ఉత్త కాళ్లతో దిగకండి.

కుప్పను ఇలా పేర్చి, తిప్పి మాగబెట్టే పద్ధతికి మన దేశంలోనే శాస్త్రీయ రూపం వచ్చింది. 1924 నుంచి 1931 దాకా ఇండోర్‌లో పనిచేసిన ఆల్బర్ట్ హోవర్డ్, యశ్వంత్ వాడ్ అనే వ్యవసాయ శాస్త్రవేత్తలు, రైతుల పొలాల్లో దొరికే చెత్తా పేడలతోనే దాన్ని కుదిర్చారు, అందుకే ప్రపంచమంతా దాన్ని ఇండోర్ పద్ధతి అంటుంది. తిప్పే ఓపిక లేనివాళ్లకు బెంగళూరు పద్ధతి ఉంది. గొయ్యిలో వరసలుగా వేసి బాగా తడిపి, పైన మట్టి, పేడ కలిపి అలికేసి వదిలేయడమే. ఆరు నుంచి ఎనిమిది నెలలు పడుతుంది, నడుం నొప్పి ఉన్నవాళ్లు, పెద్దవాళ్లు హాయిగా ఇది చేసుకోవచ్చు, నాకు ఇందులో ఏ లోపమూ కనిపించదు. ఇంకా తేలిక పద్ధతి ఉత్త ఎండాకుదే, ఇనుప వల చుట్టి అందులో ఆకు కుక్కి వారానికోసారి తడుపుతూ ఉంటే ఏడాదిలోపు నల్లటి ఆకుమన్ను అవుతుంది, నారు పోసుకోవడానికి అది ఎంతో బాగుంటుంది. మేడ మీద కుండీలవాళ్లు చిల్లులు పొడిచిన డ్రమ్ములో చేసుకోవచ్చు, అంత వేడి రాదు కాబట్టి కలుపు విత్తనాలు మాత్రం వేయకండి.

కుప్ప చెప్పే మాటలు

ఘాటుగా అమ్మోనియా వాసన, కళ్లు మండేట్టు వస్తే పచ్చిది ఎక్కువై నత్రజని గాల్లోకి పోతోందని, ఎండాకు కలిపి తిప్పండి. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే నీళ్లెక్కువై గాలాడట్లేదు, విప్పి ఆరబెట్టి, చిదుగులు కలిపి మళ్లీ పేర్చండి. చెదలు పట్టాయంటే ఎండిపోయిందని. మందు కొట్టక్కర్లేదు, బాగా తడిపి తిప్పితే వెళ్లిపోతాయి. బూజు తెల్లగా పట్టడం మంచి గుర్తే, కంగారు పడొద్దు.

తెల్లటి లావు పురుగుల గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ముఖ్యంగా కోనసీమ, ఉద్దానం లాంటి కొబ్బరి ప్రాంతాలవాళ్లకు. కొబ్బరి మొవ్వును తొలిచే కొమ్ము పురుగు గుడ్లు పెట్టేది పేడ దిబ్బల్లో, చివికే చెత్తలో, కుళ్లిన కొబ్బరి మానుల్లోనే. మీ పెరట్లో రెండు కొబ్బరి చెట్లుండి, పక్కనే కుప్ప ఉందంటే తిప్పిన ప్రతిసారీ వెతకాలి. వంకర తిరిగి, బొటనవేలంత లావుండే పిల్ల పురుగులు కనిపిస్తే ఏరి కోళ్లకు వేయండి. ఎక్కువుంటే మెటారైజియం అనే శిలీంధ్రాన్ని నీళ్లలో కలిపి కుప్పలో చల్లితే వాటికి జబ్బు చేసి చస్తాయి, చెట్లకు హాని ఉండదు. నేల మీద వదిలినప్పుడు వెల్లకిలా తిరిగి వీపు మీద పాకే పురుగులు వేరే జాతివి, అవి చెత్తనే తింటాయి, వదిలేయొచ్చు.

మాగిందా లేదా

మాగిన ఎరువు ముదురు గోధుమ రంగులో, పొడిపొడిగా ఉంటుంది, ఏ ఆకు ఏదో గుర్తుపట్టలేం. వాసన చూస్తే తొలకరి వాన పడ్డ నేల వాసన వస్తుంది. పోలిక కోసం అనడం లేదు, రెండింటినీ పుట్టించేది ఆక్టినోమైసిటీస్ అనే ఒకే రకం సూక్ష్మజీవులు. కుప్ప కూడా సగానికి, ఒక్కోసారి మూడో వంతుకు తగ్గిపోతుంది, అయ్యో ఇంతేనా అనిపిస్తుంది, అది సహజం.

చివరి తిప్పుడు తర్వాత ఒక నెల కదపకుండా వదలండి. తొందరపడి సగం మాగినది వేస్తే దాన్ని చివికించడానికి సూక్ష్మజీవులు నేలలోని నత్రజనినే లాక్కుంటాయి, మొక్కల ఆకులు పసుపు రంగుకు తిరిగిపోతాయి. అనుమానం ఉంటే కొంచెం ఎరువును తడిపి కవర్లో గాలి పోకుండా కట్టి వారం ఉంచండి, విప్పగానే కంపు కొడితే ఇంకా మాగాలి. లేదా ఒక కుండీలో ఎరువు, మట్టి సగం సగం కలిపి మెంతులు చల్లండి, మామూలు మట్టిలో మొలిచినట్టే ఇందులోనూ మొలిస్తే నిశ్చింతగా వాడుకోవచ్చు.

ఒకటి ముందే అనుకోవాలి, కంపోస్టు యూరియా చేసే పని చేయదు. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటే మంచి కంపోస్టులో ఒక శాతం అటూ ఇటూ ఉంటుంది. ఇది నేలను బాగుచేసే సరుకు. తెలంగాణ ఎర్ర చెల్క నేలల్లో పోసిన నీళ్లు గంటలో కిందికి దిగిపోతాయి, కంపోస్టు కలిస్తే ఆ తడి వేళ్ల దగ్గర నిలుస్తుంది. కృష్ణా, గుంటూరు నల్లరేగడి వానకు ముద్దై ఎండకు నెర్రెలిస్తుంది, దాన్ని గుల్లబరిచేదీ కంపోస్టే. ఒక్కసారి వేసి అద్భుతం కోసం చూడొద్దు. మన ఎండలకు నేలలోని సేంద్రియ పదార్థం చాలా వేగంగా కరిగిపోతుంది, అందుకని ప్రతి ఏడాదీ వేయాల్సిందే.

మూడడుగుల కుప్ప ఒకటి మాగితే అంగుళం మందాన సుమారు 100 నుంచి 150 చదరపు అడుగుల మడికి సరిపోతుంది. తొలకరి పడి నేల మెత్తబడ్డాక పరిచి, పై ఆరంగుళాల మట్టిలో కలపండి. కుండీలకైతే మూడు పాళ్లలో ఒక పాలు చాలు, ఉత్త కంపోస్టులో మొక్క పెట్టొద్దు, అణిగిపోయి వేళ్లకు గాలాడదు. పెద్ద చెట్లకు మొదట్లో కుప్ప పోయకుండా, కొమ్మల నీడ అంచు పడేచోట చుట్టూ వేసి పైన ఎండాకు కప్పండి. వెంటనే వాడనిదాన్ని వానకు తడవనివ్వొద్దు, సారమంతా నీళ్లతో కొట్టుకుపోతుంది. నీడలో గోనె సంచుల్లో, కొద్దిగా చెమ్మతో ఉంచితే రబీ మడుల దాకా బాగుంటుంది.